వలయం ఎటువైపు తెరుచుకుంటుంది? ఫ్లాస్కు ఒకటి చెబుతోంది, కంప్యూటరు ఇంకొకటి చెబుతోంది

చినవాల్తేరు రాసినది

అందరికీ నమస్కారం. నేను విశాఖపట్నంలో ఆర్గానిక్ కెమిస్ట్రీలో పరిశోధన చేస్తున్నాను. ఎపాక్సైడ్ వలయాలను (రెండు కార్బన్లు, ఒక ఆక్సిజన్ కలిసిన మూడు పరమాణువుల వలయాలను) అమీన్లతో, అంటే నైట్రోజన్ ఉన్న పదార్థాలతో, తెరిచే చర్యల మీద నా పని. స్టైరీన్ ఆక్సైడ్ అనే ఎపాక్సైడ్‌ను అనిలిన్ అనే అమీన్‌తో కలిపితే రెండు ఉత్పన్నాలకు అవకాశం ఉందని మీకు తెలిసినదే. అనిలిన్‌లోని నైట్రోజన్ చివరనున్న సీహెచ్2 కార్బన్ మీద దాడి చేస్తే ఒకటి వస్తుంది, ఫినైల్ గుంపును (బెంజీన్ వలయాన్ని) ఆనుకుని ఉన్న బెంజైలిక్ కార్బన్ మీద దాడి చేస్తే మరొకటి వస్తుంది. ఇథనాల్‌లో, ఉత్ప్రేరకం ఏదీ లేకుండా, గది ఉష్ణోగ్రత వద్ద నాకు రెండూ కలిసి వస్తున్నాయి. డైక్లోరోమీథేన్‌లో కొద్దిగా జింక్ క్లోరైడ్ వేస్తే బెంజైలిక్ ఉత్పన్నమే చాలా ఎక్కువగా వస్తోంది.

నిష్పత్తిని ప్రోటాన్ ఎన్‌ఎంఆర్‌తో (అణువులోని హైడ్రోజన్లు వాటి పరిసరాలను బట్టి వేర్వేరు చోట్ల సంకేతాలు ఇచ్చే పద్ధతితో) చూస్తున్నాను. బెంజైలిక్ దాడి వల్ల వచ్చిన పదార్థంలో ఎన్‌హెచ్ పక్కనున్న సీహెచ్ ప్రోటాను 4.5 పీపీఎం దగ్గర కనిపిస్తుంది. రెండో పదార్థంలో ఓహెచ్ పక్కనున్న సీహెచ్ 4.9 దగ్గర కనిపిస్తుంది. మిగిలిపోయిన ఎపాక్సైడ్ తాలూకు మూడు ప్రోటాన్లు 3.85, 3.15, 2.8 దగ్గర మూడు వేర్వేరు సంకేతాలుగా నిలబడి ఉంటాయి కనుక సంకేతాల వైశాల్యాలు కొలిచే ఇంటిగ్రేషన్ విషయంలో నాకు అనుమానం లేదు.

ఇబ్బంది అంతా లెక్క దగ్గరే వచ్చింది. ఒక ఎపాక్సైడ్ అణువు, ఒక అనిలిన్ అణువు తీసుకుని, కంప్యూటరులో బీ3ఎల్‌వైపీ అనే డెన్సిటీ ఫంక్షనల్ పద్ధతిలో 6-31జీ(డీ) బేసిస్ సెట్‌తో, వాయు స్థితిలో రెండు పరివర్తన స్థితులను (చర్య దాటవలసిన శక్తి శిఖరాలను) వెతికాను. రెండింటికీ ఒక్కొక్క ఇమాజినరీ ఫ్రీక్వెన్సీ మాత్రమే ఉంది, అంటే అవి పరివర్తన స్థితులే. అయితే శక్తి అవరోధం మోలుకు 35 కిలోక్యాలరీలు దాటింది, పైగా చివరి కార్బన్ మీద దాడికే మొగ్గు కనిపిస్తోంది. ఫ్లాస్కులో తేలికగా జరిగిపోతున్న చర్యకు అంత అవరోధం ఎలా వస్తుంది? ఏ పద్ధతికి మారితే ప్రయోగంతో సరిపోతుందో పెద్దలు చెప్పగలరు.

సీతమ్మధార రాసినది

మీరు పద్ధతి మార్చమంటారా అని అడిగారు. నేను ముందు నమూనా మార్చమంటాను. గది ఉష్ణోగ్రత వద్ద ఒక రోజు అర్ధాయువుతో నడిచే ఏకాణుక చర్యకు చర్య వేగాన్ని అవరోధంతో ముడిపెట్టే ఐరింగ్ సమీకరణం ప్రకారం స్వేచ్ఛా శక్తి అవరోధం దాదాపు 24 కిలోక్యాలరీలు ఉంటుంది, ఒక గంట అర్ధాయువైతే 22.5 దాకా ఉంటుంది. 35 అంటే మీ జీవితకాలంలో ఆ చర్య పూర్తి కాదు. ఇంత తేడాను ఫంక్షనల్ (మీరు ఎంచుకున్న బీ3ఎల్‌వైపీ వంటి లెక్క సూత్రం) లోపం అని సర్దుకోవడం కుదరదు. మీరు లెక్కించిన చర్య, ఫ్లాస్కులో జరుగుతున్న చర్య ఒకటి కాదని అనుకోవడమే సబబు.

తటస్థంగా ఉన్న అమీన్ ఎపాక్సైడ్ మీద దాడి చేసినప్పుడు నైట్రోజన్ మీద ధనావేశం, ఆక్సిజన్ మీద రుణావేశం పోగవుతాయి. ఆవేశాలు అలా విడిపోయిన స్థితిని వాయు స్థితిలో ఆదుకునేది ఏదీ ఉండదు. ఇథనాల్‌లో అయితే ఓహెచ్ గుంపు వచ్చి, విడిపోతున్న ఆక్సిజన్‌కు హైడ్రోజన్ బంధంతో ఊతం ఇస్తుంది. అందువల్ల కనీసం ఒకటి రెండు ఇథనాల్ అణువులను పరివర్తన స్థితిలోనే స్పష్టంగా పెట్టండి, వాటి చుట్టూ మిగతా ద్రావణిని ఒక మాధ్యమంలా చూసే ఎస్ఎండీ ద్రావణి నమూనా పెట్టండి, జ్యామితిని కూడా ఆ ద్రావణి నమూనాలోనే ఆప్టిమైజ్ చేయండి. వాయు స్థితి జ్యామితి మీద ద్రావణి శక్తిని తరవాత అతికిస్తే ఇలాంటి ఆవేశ విభజన ఉన్న చోట నమ్మలేము.

ఇంకొక సంగతి ఉంది, దీన్ని చాలా మంది పట్టించుకోరు. ప్రోగ్రాములు స్వేచ్ఛా శక్తిని సాధారణంగా ఒక అట్మాస్ఫియర్ పీడనం ప్రామాణికంగా ఇస్తాయి, మనకు కావలసినది ఒక మోలార్ గాఢత. ఈ మార్పు 25 డిగ్రీల వద్ద, చర్యలో పాల్గొనే ఒక్కో అణువు లెక్కన మోలుకు 1.9 కిలోక్యాలరీలు. రెండు దాడులనూ ఒకే సంఖ్యలో అణువులతో పోల్చినంత కాలం ఇది రద్దయిపోతుంది. ఒక మార్గంలో ఒక ఇథనాల్, మరో మార్గంలో రెండు ఇథనాల్‌లు పెట్టిన వెంటనే రద్దు కాకుండా మిగులుతుంది. ద్రావణి అణువును లెక్కలోకి తెచ్చినప్పుడు దాని గాఢత ద్రవ ఇథనాల్ గాఢత అన్నది కూడా మరవకూడదు.

నిష్పత్తి గురించి కూడా ఒక మాట చెప్పాలి. రెండు ఉత్పన్నాలు 2:1 గా వస్తే రెండు అవరోధాల మధ్య తేడా 0.4 కిలోక్యాలరీ మాత్రమే. 9:1 అయితే 1.3, 99:1 అయితే 2.7. వేగంలో పది రెట్ల తేడాకు 1.4 కిలోక్యాలరీలు చాలు. మంచి ఫంక్షనల్‌కు కూడా రెండు కిలోక్యాలరీల లోపం వింత కాదు. కనుక 2:1 నిష్పత్తిని లెక్కతో రాబట్టానని ఎవరైనా రాస్తే నేను దాన్ని అదృష్టం కిందే జమ కడతాను.

మద్దిలపాలెం రాసినది

మేడమ్ చెప్పినదానితో ఏకీభవిస్తాను, కాని అసలు లెక్కకు కూర్చునే ముందు ఫ్లాస్కునే ఇంకా కొన్ని ప్రశ్నలు అడగవలసి ఉంది. మీరు చివరి నిష్పత్తి ఒక్కటే చెప్పారు. చర్య మొదట్లోనూ నడిమధ్యలోనూ అదే నిష్పత్తి ఉందా? వేగానికి అనిలిన్ గాఢతతో ఉన్న సంబంధం ఏమిటి? అనిలిన్‌ను బాగా ఎక్కువగా తీసుకుని, ఎపాక్సైడ్ తరుగుదలను గమనించి, అనిలిన్ గాఢతను రెట్టింపు చేసినప్పుడు వేగం రెండింతలవుతుందా, నాలుగింతలకు దగ్గరవుతుందా అన్నది చూడండి. నాలుగింతలకు దగ్గరైతే రెండో అనిలిన్ అణువు హైడ్రోజన్ బంధం ద్వారా సాయం చేస్తోందని అర్థం, అప్పుడు మీ పరివర్తన స్థితిలో దానికీ చోటు ఉండాలి.

అమీన్లతో ఎపాక్సైడ్ తెరుచుకునేటప్పుడు పుట్టే ఆల్కహాల్ తానే చర్యను వేగవంతం చేస్తుందన్నది ఎపాక్సీ రెజిన్లు గట్టిపడే చర్యలో చాలా కాలంగా తెలిసిన విషయం. ఇథనాల్‌లో చేస్తే ఈ స్వయం ఉత్ప్రేరణ కనబడదు, ఎందుకంటే ద్రావణమంతా ఓహెచ్ గుంపులే. అసిటోనైట్రైల్ వంటి ద్రావణిలో చేసి చూడండి. మొదట మందకొడిగా సాగి, తరవాత ఊపందుకుంటే అదే కారణం అయి ఉండవచ్చు. మొదట్లోనే శుద్ధమైన ఉత్పన్నం కొంచెం కలిపినప్పుడు ఆ మందకొడితనం పోతే అనుమానం తీరుతుంది.

మన ఊరి గాలి సంగతి కూడా లెక్కలోకి తీసుకోండి. సముద్రం పక్కన ఉన్నాం. జింక్ క్లోరైడ్ సీసా మూత తీసి తూకం వేసేలోపే గరిటె మీద పలుకులు తడిసి అంటుకుపోతాయి, శ్రావణ భాద్రపదాల్లో అయితే చెప్పనే అక్కరలేదు. ఆ నీరు కూడా న్యూక్లియోఫైలే (ఎలక్ట్రాన్లు ఇచ్చి దాడి చేసేదే), ఎపాక్సైడ్‌ను తెరిచి రెండు ఓహెచ్ గుంపులున్న డయోల్ ఇస్తుంది. ఎన్‌ఎంఆర్‌లో 4.8 ప్రాంతంలో ఫినైల్ ఇథేన్ డయోల్ తాలూకు సీహెచ్ వస్తుంది కనుక మీ 4.9 సంకేతం పక్కన దాన్ని వెతకండి.

గాజువాక రాసినది

నేను ఎమ్మెస్సీ విద్యార్థిని. ఇంత దూరం వెళ్ళాలా అన్నది నా సందేహం. మూడు పరమాణువుల వలయంలో స్ట్రెయిన్ (బంధాలు వంగడం వల్ల కలిగే ఒత్తిడి) ఎక్కువ కాబట్టి అది తెరుచుకుంటుంది, స్ట్రెయిన్ ఎంత ఎక్కువైతే అంత వేగంగా తెరుచుకుంటుంది అని మాకు పాఠంలో చెప్పారు. వేగాన్ని అంచనా వేయడానికి స్ట్రెయిన్ విలువ సరిపోదా?

భీమిలి మాస్టారు రాసినది

సరిపోదు బాబూ. అయితే ఆ ప్రశ్న అడగడం మంచిదే, ఎందుకంటే పరీక్ష రాసి బయటకు వచ్చిన చాలా మంది జీవితాంతం అదే నమ్మకంతో ఉండిపోతారు.

వలయాల స్ట్రెయిన్ గురించి అడాల్ఫ్ ఫాన్ బేయర్ 1885లో ప్రతిపాదించాడు. సైక్లోప్రొపేన్‌కు అది మోలుకు సుమారు 27.5 కిలోక్యాలరీలు, సైక్లోబ్యూటేన్‌కు సుమారు 26.5. తేడా ఒక్క కిలోక్యాలరీ. ఇప్పుడు ఈ రెండు వలయాల పక్కనున్న కార్బన్ మీద ఒక రాడికల్‌ను (జత లేని ఎలక్ట్రాన్‌ను) పుట్టించండి. సైక్లోప్రొపైల్ కార్బినైల్ రాడికల్ గది ఉష్ణోగ్రత వద్ద సెకనుకు సుమారు పది కోట్ల వేగ స్థిరాంకంతో తెరుచుకుంటుంది. సైక్లోబ్యూటైల్ కార్బినైల్ రాడికల్‌కు అదే విలువ వేలల్లోనే ఉంటుంది. స్ట్రెయిన్ దాదాపు సమానంగా ఉండి, వేగం పది వేల రెట్లకు పైగా మారిందంటే స్ట్రెయిన్ చెప్పని సంగతి ఏదో ఉన్నట్టే కదా. సైక్లోప్రొపేన్‌లోని కార్బన్-కార్బన్ బంధాలు వంగి ఉంటాయి, వాటికి పై (π) బంధ స్వభావం, అంటే ద్విబంధం లాంటి స్వభావం, కొంత ఉంటుంది, అందువల్ల పక్కన ఒంటరిగా ఉన్న ఎలక్ట్రాన్‌తో పరివర్తన స్థితిలో అవి బాగా కలిసిపోతాయి. నాలుగు పరమాణువుల వలయానికి ఆ సౌకర్యం అంతగా లేదు. స్ట్రెయిన్ చర్యకు చోదక శక్తిని ఇస్తుంది. ఆ శక్తిలో ఎంత భాగం పరివర్తన స్థితి దగ్గరికే అక్కరకు వస్తుందన్నది ఎలక్ట్రాన్ల అమరిక నిర్ణయిస్తుంది.

లెక్క ముందు నడిచి ప్రయోగం వెనక వచ్చిన సందర్భం కూడా ఈ వలయాల చరిత్రలోనే ఉంది. సైక్లోబ్యూటీన్‌ను వేడి చేస్తే తెరుచుకుని బ్యూటాడయీన్ అవుతుంది. అవరోధం 32 కిలోక్యాలరీల పైన. రెండు చివరలూ ఒకే దిశలో తిరుగుతాయని వుడ్‌వర్డ్, హాఫ్‌మన్ 1965లో చెప్పారు. కాని ఒకే దిశ అన్నప్పుడు కూడా రెండు మార్గాలు ఉంటాయి. మూడో కార్బన్ మీద ఒక గుంపు ఉంటే అది వలయం లోపలి వైపుకు తిరగవచ్చు, బయటి వైపుకూ తిరగవచ్చు. గుంపు పెద్దదైతే చోటు కోసం బయటికే పోతుందని ఎవరైనా అనుకుంటారు. కెండాల్ హౌక్, ఆయన సహచరులు 1980ల నడుమ లెక్కించి, ఎలక్ట్రాన్లు ఇచ్చే గుంపు బయటికి తిరుగుతుందని, ఎలక్ట్రాన్లు లాగే ఫార్మైల్ (సీహెచ్ఓ) గుంపు మాత్రం ఇరుకైనా సరే లోపలికే తిరుగుతుందని ముందుగా చెప్పారు. తరవాత 3-ఫార్మైల్ సైక్లోబ్యూటీన్‌ను తయారు చేసి తెరిచి చూస్తే లెక్క చెప్పినట్టే లోపలికి తిరిగిన ఉత్పన్నం వచ్చింది. ఆ ప్రయోగ ఫలితం 1987లో వెలువడింది.

ఈ ఉదాహరణ ఎందుకు చెబుతున్నానంటే, అక్కడ లెక్క నిలబడటానికి కారణం అది చాలా ఖచ్చితమైన పద్ధతి కావడం కాదు. ఆనాటి పద్ధతులు నేటి వాటితో పోలిస్తే ముతకవే. అడిగిన ప్రశ్న ఒకే అణువు రెండు విధాలుగా తిరగడం గురించి, ద్రావణి ప్రమేయం తక్కువ, రెండు మార్గాల్లోనూ లోపాలు ఒకే తీరున ఉండి ఒకదానితో ఒకటి రద్దయ్యాయి. చినవాల్తేరు గారి చర్యలో ఆ వెసులుబాటు లేదు.

పరవాడ రాసినది

నేను ఫార్మా ప్లాంటులో ప్రాసెస్ విభాగంలో పని చేస్తాను. మా రోజువారీ పనిలో ఎపాక్సైడ్ తెరుచుకోవడం లేని వారం ఉండదు కనుక నాలుగు మాటలు రాస్తున్నాను.

ప్రొప్రనలాల్ వంటి బీటా బ్లాకర్ మందుల చివరి మెట్టు ఇదే చర్య. నాఫ్తాల్‌ను ఎపిక్లోరోహైడ్రిన్‌తో కలిపి గ్లైసిడైల్ ఈథర్ చేస్తారు, దాని ఎపాక్సైడ్‌ను ఐసోప్రొపైల్ అమీన్‌తో తెరుస్తారు. ఇక్కడ ఫినైల్ గుంపు నేరుగా ఎపాక్సైడ్‌కు లేదు కనుక దాడి చివరి కార్బన్ మీదే జరుగుతుంది, ఏ వైపు అన్న గొడవ పెద్దగా రాదు. మా తలనొప్పి వేరు. పుట్టిన ఉత్పన్నం కూడా అమీనే కాబట్టి అది ఇంకో ఎపాక్సైడ్ అణువును తెరిచి డైమర్ ఇంప్యూరిటీగా మారుతుంది. దాన్ని అణచడానికి ఐసోప్రొపైల్ అమీన్‌ను బాగా ఎక్కువగా ఛార్జ్ చేస్తాం. ఆ అమీన్ మరిగే ఉష్ణోగ్రత 32 డిగ్రీల దగ్గర ఉంటుంది. విశాఖ మే నెలలో డ్రమ్ము మూత తెరిస్తే అది ద్రవంగా నిలుస్తుందన్న భరోసా ఉండదు. కండెన్సర్‌లో చల్లటి బ్రైన్ తిరగకపోతే అమీన్ పోయి నిష్పత్తి తప్పుతుంది, సాయంత్రానికి హెచ్‌పీఎల్‌సీలో (మిశ్రమంలోని పదార్థాలను వేరు చేసి కొలిచే పరికరంలో) డైమర్ శిఖరం పైకి లేస్తుంది.

అద్దంలో ప్రతిబింబాల్లా ఉండే రెండు రూపాల్లో ఒకటే కావలసినప్పుడు ఎపిక్లోరోహైడ్రిన్ దగ్గర ఇంకో మెలిక ఉంది. ఫినాక్సైడ్ (ఇక్కడ నాఫ్తాల్ తాలూకు రుణ అయాన్) వచ్చి నేరుగా క్లోరిన్‌ను తొలగించవచ్చు, లేదా అవతలి చివర ఎపాక్సైడ్‌ను తెరిచి, ఆ పుట్టిన ఆల్కాక్సైడ్ క్లోరిన్‌ను వెళ్ళగొట్టి కొత్త ఎపాక్సైడ్‌గా మూసుకోవచ్చు. నడిమి కార్బన్‌ను రెండు దారుల్లోనూ ఎవరూ ముట్టుకోరు, అయినా చివరికి వచ్చే గ్లైసిడైల్ ఈథర్లు ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబాలు. రెండో దారి ప్రధానమైనప్పుడు మొదటి దారిలో జారిపోయిన కొద్ది శాతమూ శుద్ధతను నేరుగా తినేస్తుంది. అందుకే క్లోరిన్ బదులు టోసిలేట్ వంటి తేలికగా పోయే గుంపు ఉన్న గ్లైసిడైల్ పదార్థాలను వాడటం మొదలైంది, వాటిలో నేరుగా తొలగించే దారికే మొగ్గు ఎక్కువ.

విద్యార్థులకు ఇంకో మాట. ఎపాక్సైడ్ తెరుచుకుంటే వేడి పుడుతుంది. ఇథిలీన్ ఆక్సైడ్ నీటితో కలిసి గ్లైకాల్ అవుతుంటే మోలుకు 20 కిలోక్యాలరీలకు పైగా వస్తుంది. చిన్న ఫ్లాస్కులో అది గాలిలో కలిసిపోతుంది, రియాక్టరులో పోదు. మద్దిలపాలెం గారు చెప్పిన స్వయం ఉత్ప్రేరణ ఉన్న చర్యలో మొదట్లో ఏమీ జరగడం లేదని ఎపాక్సైడ్ అంతా ఒకేసారి పోసేస్తే, అది లోపల పోగుపడి ఆ తరవాత ఒక్కసారిగా అందుకుంటుంది. ఆ మందకొడి కాలం అన్నది మాకు భద్రతకు సంబంధించిన విషయం.

చినవాల్తేరు రాసినది

అందరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పినవాటిలో వీలైనవి చేసి వస్తున్నాను, అందుకే జవాబు ఆలస్యమైంది.

అసిటోనైట్రైల్‌లో చర్య మొదట చాలా నెమ్మదిగా సాగి తరవాత వేగం పుంజుకుంది. శుద్ధి చేసిన అమీనో ఆల్కహాల్ కొద్దిగా ముందే కలిపినప్పుడు ఆ నెమ్మది దశ లేకుండా పోయింది. ఇథనాల్‌లో అలాంటి వంపు ఏదీ లేదు, నిష్పత్తి కూడా మొదటి నుంచి చివరి దాకా నిలకడగా ఉంది.

లెక్కల్లో రెండు ఇథనాల్ అణువులను పెట్టి, ఎం06-2ఎక్స్ ఫంక్షనల్‌తో, ఎస్ఎండీ ద్రావణి నమూనాలో మళ్ళీ చేశాను. అవరోధం ప్రయోగం సూచించే ప్రాంతానికి దిగి వచ్చింది, రెండు దాడుల మధ్య తేడా ఒక కిలోక్యాలరీ లోపలికి వచ్చింది. సీతమ్మధార మేడమ్ హెచ్చరిక గుర్తుంది కనుక అంతకుమించి దాని గురించి ఏమీ అనను.

జింక్ క్లోరైడ్ చర్యలో ఇంకో ప్రయోగం చేశాను. ఆర్ రూపంలో ఉన్న శుద్ధమైన స్టైరీన్ ఆక్సైడ్‌తో (ఆర్, ఎస్ అన్నవి ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబాలు) మొదలుపెట్టి, బెంజైలిక్ ఉత్పన్నాన్ని ఆ రెండు రూపాలనూ వేరు చేసే కైరల్ హెచ్‌పీఎల్‌సీలో చూశాను. వెనక వైపు నుంచి దాడి జరిగితే ఎస్ రూపం రావాలి. ఇథనాల్‌లో వచ్చిన బెంజైలిక్ ఉత్పన్నం దాదాపు పూర్తిగా ఎస్ రూపమే. జింక్ క్లోరైడ్‌తో చేసినదానిలో ఎస్ ప్రధానంగా ఉన్నా, ఆర్ కూడా చెప్పుకోదగినంత ఉంది. దీన్ని బట్టి జింక్ సమక్షంలో వలయం ముందే తెరుచుకుని కార్బోకేటయాన్ (ధనావేశం ఉన్న కార్బన్) ఏర్పడుతోందని, అనిలిన్ ఆ తరవాత రెండు వైపుల నుంచీ వస్తోందని అనుకోవచ్చా? జింక్ తగిలించిన ఎపాక్సైడ్‌ను బీ3ఎల్‌వైపీలో ఆప్టిమైజ్ చేస్తే బెంజైలిక్ కార్బన్-ఆక్సిజన్ బంధం బాగా సాగి కనిపిస్తోంది, అది కూడా ఇదే చెబుతున్నట్టుంది.

సీతమ్మధార రాసినది

ఆ సాగిన బంధాన్ని సాక్ష్యంగా తీసుకోవద్దు. సరిగ్గా ఇలాంటి అణువు మీదే బీ3ఎల్‌వైపీ తడబడుతుందని తెలిసిన విషయం. ఐసోబ్యూటిలీన్ ఆక్సైడ్‌కు ప్రోటాన్ చేరిన రూపం డెన్సిటీ ఫంక్షనల్ పద్ధతులకు కఠినమైన సమస్య అని 2006లో కార్లియర్, డియోరా, క్రాఫర్డ్ ఒక పరిశోధన పత్రం రాశారు. మరింత ఖచ్చితమైన కపుల్డ్ క్లస్టర్ పద్ధతితో పోలిస్తే బీ3ఎల్‌వైపీ ఆ బలహీనమైన కార్బన్-ఆక్సిజన్ బంధాన్ని అవసరానికి మించి సాగదీసింది. మీ దగ్గర కూడా శక్తి తలం చదునుగా ఉండి, బంధం పొడవు కొంచెం మారినా శక్తి పెద్దగా మారదు కాబట్టి, పద్ధతిలోని చిన్న వంకర జ్యామితిలో పెద్దదై కనిపిస్తుంది. విద్యాసంస్థల వారికి ఉచితంగా దొరికే ఓర్కా ప్రోగ్రాములో డీఎల్‌పీఎన్‌ఓ కపుల్డ్ క్లస్టర్ పద్ధతి ఉంది. ఆ బంధాన్ని కొద్దికొద్దిగా సాగదీస్తూ వేర్వేరు పొడవుల దగ్గర శక్తిని దానితో లెక్కించి చూడండి. మామూలు డెస్క్‌టాప్ మీదే రాత్రికి రాత్రి అయిపోతుంది, కరెంటు పోకుండా యూపీఎస్ ఉంటే.

అయినా నా అభిప్రాయం కార్బోకేటయాన్ వైపే ఉంది. జింక్ గట్టిగా పట్టుకున్నప్పుడు బెంజైలిక్ కార్బన్ మీద ధనావేశం ఎలాగూ పెరుగుతుంది. డైక్లోరోమీథేన్‌లో అయాన్ జంటగా కొద్దిసేపు నిలిచి, అనిలిన్ ముందు వైపు నుంచి చేరడానికి అవకాశం ఉంది.

మద్దిలపాలెం రాసినది

ఇక్కడ నేను మేడమ్‌తో విభేదిస్తాను. ఆర్ రూపం కనిపించడానికి కార్బోకేటయాన్ ఒక్కటే దారి కాదు. మీరు వేసినది జింక్ క్లోరైడ్. అందులో క్లోరైడ్ ఉంది, అది కూడా న్యూక్లియోఫైల్. క్లోరైడ్ వెనక వైపు నుంచి బెంజైలిక్ కార్బన్ మీద దాడి చేసి వలయాన్ని తెరిస్తే ఒక తలకిందులు (ఆ కార్బన్ అమరిక దాని ప్రతిబింబంగా మారడం), తరవాత అనిలిన్ వెనక వైపు నుంచి వచ్చి ఆ క్లోరిన్‌ను తొలగిస్తే రెండో తలకిందులు. రెండూ కలిసి మొదటి రూపమే, అంటే ఆర్. ఎక్కడా కార్బోకేటయాన్ లేకుండానే మీకు ఆర్ ఉత్పన్నం వస్తుంది. మీ పరివర్తన స్థితి నమూనాలో జింక్ మీద రెండు క్లోరైడ్లనూ బొమ్మల్లా కూర్చోబెట్టి ఉంటారు, వాటిలో ఒకటి లేచి పని చేస్తుందేమో అని లెక్క తనంతట తాను అడగదు.

లోహ ఉత్ప్రేరకాలలో ఇలాంటివి వేగ పరిశీలన వల్లే బయటపడ్డాయి. జాకబ్‌సెన్ బృందం 1997లో ప్రకటించిన కోబాల్ట్ సేలెన్ ఉత్ప్రేరకం సంగతి చూడండి. రెండు ప్రతిబింబ రూపాలూ కలిసి ఉన్న ఎపాక్సైడ్‌లో అది ఒకదాన్నే నీటితో తెరిచి, రెండోదాన్ని వదిలేస్తుంది. అక్కడ వేగం కోబాల్ట్ గాఢత వర్గానికి అనుపాతంలో ఉంటుంది. ఒక కోబాల్ట్ ఎపాక్సైడ్‌ను పట్టుకుంటే, ఇంకో కోబాల్ట్ నీటిని హైడ్రాక్సైడ్‌గా అందిస్తుంది. ఒకే కోబాల్ట్‌తో ఎంత ఖరీదైన లెక్క చేసినా ఆ చర్య స్వరూపం దొరకదు. రెండింటినీ కలిపి ఆ ఎంపికకు కారణాన్ని వివరించిన లెక్కలు 2013లో వచ్చాయి, వేగ ప్రయోగాలు దారి చూపిన చాలా కాలం తరవాత.

సీతమ్మధార రాసినది

క్లోరైడ్ దారిని నేను తోసిపుచ్చడం లేదు, అది పరీక్షకు నిలబడవలసిన ప్రతిపాదనే. అయితే బెంజైలిక్ క్లోరైడ్‌ను అనిలిన్ గది ఉష్ణోగ్రతలో అంత వేగంగా తొలగిస్తుందా అన్నది నా సందేహం. జింక్ ఆ క్లోరిన్‌ను కూడా పట్టి లాగితే మళ్ళీ మనం కార్బోకేటయాన్ దగ్గరికే వచ్చినట్టు.

గాజువాక రాసినది

మాస్టారూ, మీరు చెప్పిన రాడికల్ ఉదాహరణ గురించి చదువుతుంటే, ఆ వలయం తెరుచుకునేటప్పుడు కార్బన్ పరమాణువు టన్నెలింగ్ చేస్తుందని, అంటే శక్తి అవరోధాన్ని ఎక్కి దాటకుండా దాని గుండానే అవతలికి పోతుందని, ఒకచోట కనిపించింది. హైడ్రోజన్ అంటే తేలిక కాబట్టి సరే, కార్బన్ అంత బరువున్నది అలా చేయడం నిజమేనా?

భీమిలి మాస్టారు రాసినది

నిజమే. పైగా చినవాల్తేరు గారి సమస్యకు ఇది పూర్తిగా బయటి విషయమూ కాదు, లెక్క, ప్రయోగం ఒకే అంకె మీద ఎలా కలుసుకోవాలో చూపిస్తుంది. సైక్లోప్రొపైల్ కార్బినైల్ రాడికల్ తెరుచుకోవడంలో కార్బన్ టన్నెలింగ్ ముఖ్యమని దత్తా, హ్రోవత్, బోర్డెన్ 2008లో లెక్కించి చెప్పారు. అవరోధం తక్కువ, దాని వెడల్పూ తక్కువ, తెరుచుకునేటప్పుడు పరమాణువులు కదలవలసిన దూరం కొద్దిపాటిదే. అందువల్ల బరువైన పరమాణువుకు కూడా దారి దొరుకుతుంది. 2010లో సింగిల్టన్ బృందం వారితో కలిసి ప్రయోగం చేసింది. వలయంలోని రెండు సమానమైన బంధాలలో కార్బన్-12 ఉన్నది తెగుతుందా, కార్బన్-13 ఉన్నది తెగుతుందా అన్న పోటీని కొలిచారు. ఆ ఐసోటోపు ప్రభావం 80 డిగ్రీల వద్ద 1.062, మైనస్ 100 డిగ్రీల వద్ద 1.163 వచ్చింది. కార్బన్‌కు ఇది అసాధారణంగా పెద్ద విలువ. టన్నెలింగ్ లేకుండా వేసిన లెక్కలు దీనికి చాలా తక్కువ చూపించాయి, టన్నెలింగ్ కలిపిన లెక్కలు ప్రయోగంతో సరిపోయాయి.

చూశారా, అక్కడ పోల్చినది పరివర్తన స్థితి బొమ్మను కాదు. కొలవగలిగిన ఒక నిష్పత్తిని, వేర్వేరు ఉష్ణోగ్రతల దగ్గర. మద్దిలపాలెం, సీతమ్మధార గార్ల మధ్య ఉన్న వాదన కూడా అలాంటి అంకె దొరికితేనే తెగుతుంది. ప్రతి ఒక్కరూ తమ చర్యా విధానం నిజమైతే ఏ కొలత ఎటు మారాలో ముందుగా రాసిపెట్టండి.

మద్దిలపాలెం రాసినది

మాస్టారి మాట ప్రకారం రాస్తున్నాను. క్లోరైడ్ దారి నిజమైతే, జింక్ క్లోరైడ్ బదులు జింక్ ట్రైఫ్లేట్ వాడినప్పుడు ఆర్ రూపం తగ్గిపోవాలి, ఎందుకంటే ట్రైఫ్లేట్ న్యూక్లియోఫైల్‌గా పనికిరాదు. జింక్ క్లోరైడ్‌కు అదనంగా టెట్రాబ్యూటైల్ అమోనియం క్లోరైడ్ కలిపినప్పుడు ఆర్ రూపం పెరగాలి. అయితే అదనపు క్లోరైడ్ జింక్‌నే చుట్టుకుని దాని ఆమ్ల స్వభావాన్ని తగ్గించి, చర్యను నెమ్మదింపజేయవచ్చు, కనుక ఆ రెండో ప్రయోగాన్ని జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి.

సీతమ్మధార రాసినది

కార్బోకేటయాన్ దారి నిజమైతే ట్రైఫ్లేట్‌తో ఆర్ రూపం తగ్గకూడదు, పెరిగినా ఆశ్చర్యం లేదు. ఫినైల్ మీద పారా స్థానంలో మెథాక్సీ ఉన్న స్టైరీన్ ఆక్సైడ్‌తో ఆర్ రూపం బాగా పెరగాలి, నైట్రో ఉన్నదానితో దాదాపు పోవాలి. నేను ఈలోగా క్లోరైడ్ దాడి చేసే పరివర్తన స్థితిని కూడా లెక్కిస్తాను.

పరవాడ రాసినది

రెండు విషయాలు. జింక్ ట్రైఫ్లేట్ కూడా తేమను పీల్చుకుంటుంది, వాడే ముందు వాక్యూమ్‌లో వేడి చేసి ఆరబెట్టండి, లేకపోతే డయోల్ లెక్కలోకి వచ్చి రెండు వాదనలూ మసకబారతాయి. రెండోది ఇంతకన్నా ముఖ్యం. ఉత్పన్నం శుద్ధత ఒక్కటే చూసి తీర్పు చెప్పవద్దు. చర్యను సగంలో ఆపి, మిగిలిన స్టైరీన్ ఆక్సైడ్‌ను వేరు చేసి దాని శుద్ధతను కూడా కైరల్ కాలమ్‌లో చూడండి. ఎపాక్సైడే ముందుగా రూపం మార్చుకుంటూ ఉంటే, అనిలిన్ ఎంత చక్కగా వెనక వైపు నుంచి వచ్చినా మీకు ఆర్ ఉత్పన్నం కనిపిస్తుంది.

చినవాల్తేరు రాసినది

పరవాడ గారూ, సగంలో ఆపిన నమూనా ఫ్రిజ్‌లో ఉంది, అందులో ఎపాక్సైడ్ ఇంకా మిగిలే ఉంది. దాన్ని రేపే కాలమ్ మీద పెడతాను. జింక్ ట్రైఫ్లేట్ మా ల్యాబ్‌లో లేదు, ఇండెంట్ పెట్టాను. పారా మెథాక్సీ స్టైరీన్ ఆక్సైడ్ సిలికా జెల్ తగిలితేనే తెరుచుకుపోతుందని సీనియర్లు అంటున్నారు కనుక దాన్ని కాలమ్ వేయకుండా, అప్పటికప్పుడు తయారు చేసి నేరుగా వాడే ఉద్దేశంతో ఉన్నాను. దాన్ని శుద్ధమైన ఒకే రూపంలో తయారు చేసిన అనుభవం ఎవరికైనా ఉంటే చెప్పగలరు.

మద్దిలపాలెం రాసినది

దానికోసం తంటాలు పడకండి. మొదట పారా మిథైల్, పారా క్లోరో ఉన్నవాటితో సరిపెట్టుకోండి, రెండూ సిలికాను కొంత మెరుగ్గా తట్టుకుంటాయి. సిలికాకు ఒక శాతం ట్రైఇథైల్ అమీన్ పట్టించి వాడితే ఇంకా నయం. మెథాక్సీ ఉన్నదాని మీద కార్బోకేటయాన్ వచ్చిందని తేలినా, మీ మామూలు స్టైరీన్ ఆక్సైడ్ కూడా అదే దారిలో పోతోందని దానివల్ల రుజువు కాదు.

సీతమ్మధార రాసినది

ఆ చివరి వాక్యంతో నాకు పేచీ లేదు. పారా మిథైల్, పారా క్లోరో రెండింటి జ్యామితులూ మొదలుపెట్టేశాను. చినవాల్తేరు గారూ, ఒక ఎపాక్సైడ్‌కు మీరు వేసిన జింక్ క్లోరైడ్ మోల్ శాతం ఎంతో, అనిలిన్ ఎన్ని ఈక్వివలెంట్లో చెప్పండి. అనిలిన్ కూడా జింక్‌ను పట్టుకుంటుంది కనుక, జింక్ మీద ఎన్ని అనిలిన్లు కూర్చోబెట్టాలో అది తెలియకుండా నేను నిర్ణయించలేను.